రూత్‌ను తీసుకోవాలా, గెరిగ్‌నా?

అమెరికా బేస్‌బాల్ జట్టు న్యూయార్క్ యాంకీస్ చరిత్రలో ఒక్క ఆటగాడి చుట్టూనే జట్టును కట్టవలసి వస్తే బేబ్ రూత్‌ను ఎంచుకోవాలా, లూ గెరిగ్‌నా అన్న వాదన అభిమానుల మధ్య ఎడతెగనిది.

ఖర్చు: రూత్ కోసం అతని పాత జట్టు బోస్టన్ రెడ్ సాక్స్‌కు లక్ష డాలర్లు చెల్లించవలసి వచ్చింది, 1930 నాటికి అతని జీతమే 80,000 డాలర్లు. కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థి గెరిగ్ 1923లో 1,500 డాలర్ల బోనస్‌కే సంతకం చేశాడు.

ప్రమాదం: 1925లో రూత్ అనారోగ్యంతో తొలి వారాలు ఆటకు దూరమై, తిరిగి వచ్చాక క్రమశిక్షణ తప్పినందుకు మేనేజర్ మిల్లర్ హగ్గిన్స్ విధించిన 5,000 డాలర్ల జరిమానాకూ, సస్పెన్షన్‌కూ గురయ్యాడు. మరుసటి ఏడాది వరల్డ్ సిరీస్ (ఆ ఏటి విజేతను తేల్చే చివరి పోటీ) ఏడవ ఆటలో, జట్టు ఒకే పరుగు వెనుకబడి ఉన్న చివరి ఇన్నింగ్స్‌లో, రెండో బేస్‌ను దొంగిలించబోయి (తోటి ఆటగాడు బంతి కొట్టకముందే అక్కడికి పరుగెత్తబోయి) అవుటవడంతో సిరీసే చేజారింది. ఇంత తెగింపును భరించే ఓపిక యాజమాన్యానికి ఉండాలి. గెరిగ్ మాత్రం 1925 నుంచి 1939 వరకు, వ్యాధి ఆపేదాకా, వరుసగా 2,130 ఆటలు ఆడాడు.

ఫలితం: 1927లో రూత్ 60 హోమ్ రన్లు (ఒకే దెబ్బతో అన్ని బేస్‌లూ చుట్టివచ్చే కొట్టుడు), గెరిగ్ 47 కొట్టారు.

స్టేడియం నిండాలనుకునే, చేతిలో డబ్బున్న యజమానికి రూత్ తగినవాడు. పరిమిత వనరులతో పదేళ్లకు పైగా నిలకడ కోరే జట్టుకు గెరిగ్‌నే సూచిస్తాను.