మోటర్‌హోమ్ వెనక యూహాల్ టో డాలీ: ఏ కారుకు పనికొస్తుంది, ఎలా కట్టాలి

అమెరికాలో మోటర్‌హోమ్ వేసుకుని నేషనల్ పార్కులు తిరిగేవాళ్లకు రెండో రోజుకే ఒక సంగతి తెలిసొస్తుంది. పాల డబ్బా కావాలన్నా ముప్పై అడుగుల ఇల్లు కదలాలి. అందుకే చిన్న కారొకటి వెనక కట్టుకుపోతారు. కట్టే పద్ధతుల్లో చవకైనవాటిలో ఒకటి టో డాలీ. అదొక రెండు చక్రాల చిన్న బండి. కారు ముందు చక్రాలు దాని మీదికెక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీదే దొర్లుతాయి. అద్దెకు సులువుగా దొరికేది యూహాల్ అనే అద్దె బండ్ల కంపెనీ డాలీ కాబట్టి ఇక్కడ దాని గురించే.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సమయం మిగులుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ఇంజను ముందు చక్రాలనే తిప్పే) కొరొల్లా, సివిక్, క్యామ్రీ లాంటి కారు, చాలావరకు చదును దారి, ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలు అయితే దీని అద్దె దండగ కాదు. కొండ దారుల్లో రోజుల తరబడి తిరగాలంటే మాత్రం ఇది వద్దు. కారణం ఒక్కటే, దీనికి సొంత బ్రేకుల్లేవు. డాలీ, కారు కలిపి దాదాపు నాలుగు వేల పౌండ్లను ఆపే భారమంతా మోటర్‌హోమ్ బ్రేకుల మీదే పడుతుంది. ఆరు శాతం దిగుడు మైళ్ల కొద్దీ ఉన్నచోట, ముందుగానే తక్కువ గేరులోకి దిగకుండా బ్రేకు తొక్కుతూ పోతే అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఏటా తిరిగేవాళ్లు సర్జ్ బ్రేకులున్న (ముందు బండి వేగం తగ్గగానే వెనక నుంచి వచ్చే తోపుతో తామే పడే బ్రేకులు) డాలీ సొంతానికి కొనుక్కోవడం మేలు. మోటర్‌హోమ్ కూడా అద్దెదే అయితే ఒప్పందం ముందు చదవండి. వెనక ఏదీ కట్టకూడదనే షరతు చాలా కంపెనీలకు ఉంటుంది.

ఇక బరువుల లెక్క. ఖాళీ డాలీ 750 పౌండ్లు. దాని మీదికెక్కే ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు 3,900 పౌండ్లు దాటకూడదు. చాలామంది ఇంతవరకే చూసి, హిచ్ (మోటర్‌హోమ్ వెనక బండి తగిలించే కొక్కెం) మీద 5,000 పౌండ్లని రాసి ఉందిగా అని ధీమాగా ఉంటారు. చూడాల్సిన అంకె ఇంకోటుంది. బండీ, దాని వెనక లాగేదీ కలిపి ఉండదగిన మొత్తం బరువు. ఫోర్డ్ ఎఫ్-53 ఛాసీలో (మోటర్‌హోమ్ కింది చట్రం), బండి ఒక్కటే 22,000 పౌండ్ల దాకా ఉండగల రకానికి ఆ మొత్తం 26,000. నీళ్ల ట్యాంకు, సామాను, మనుషులతో మోటర్‌హోమ్ నిండుగా ఉంటే వెనక లాగడానికి మిగిలేది 4,000 మాత్రమే. సుమారు 3,400 పౌండ్ల క్యామ్రీకి డాలీ కలిపితే 4,150. హిచ్ ఒప్పుకున్నా ఛాసీ ఒప్పుకోదు. మంచినీళ్ల ట్యాంకు కొంత ఖాళీ చేస్తే చాలు, ఒక్క గాలన్ ఎనిమిది పౌండ్లకు పైనే. ఈ-450 ఛాసీ మీద కట్టిన క్లాస్ సీ బండ్లకు (వ్యాన్ ముందు భాగం వెనక ఇల్లు కట్టిన మోటర్‌హోమ్‌లు) ఈ ఇబ్బంది తక్కువ. వాటిలో బండి బరువు హద్దు 14,500, మొత్తం హద్దు 22,000. అక్కడ హిచ్ అంకే హద్దు.

డాలీ వద్దు, నాలుగు చక్రాలూ ఎక్కే ట్రైలరే తీసుకుందాం అనుకునేవాళ్లు కూడా లెక్క వేసుకోండి. యూహాల్ ఆటో ట్రాన్స్‌పోర్ట్ ఖాళీగానే 2,210 పౌండ్లు. క్యామ్రీ ఎక్కితే 5,600 దాటింది. 5,000 హిచ్‌కు అది అందదు.

మన ఇళ్ల ముందు కనిపించే బండ్లలో ఈ డాలీకి పనికిరానివి చాలానే. ఆల్ వీల్ డ్రైవ్ రావ్4, సీఆర్‌-వీ, దాదాపు ఏ సుబారూ అయినా సరే, వెనక చక్రాలు దొర్లితే వాటికి శక్తి అందించే లోపలి కప్లింగో, హైబ్రిడ్ అయితే వెనక మోటారో కూడా తిరుగుతుంది, పాడవుతుంది. టెస్లాకు నాలుగు చక్రాలూ నేలకు పైనే ఉండాలని తయారీదారు మాట. ఒడిస్సీ మినీవ్యాన్ బరువే ఆ 3,900 హద్దు దాటుతుంది. రియర్ వీల్ డ్రైవ్ కారును వెనక్కి తిప్పి ఎక్కించేద్దామనే ఉపాయం కుదరదు, కారు ముందుకు చూస్తూనే ఎక్కాలి.

కట్టడానికి ముందు డాలీని హిచ్‌కు తగిలించాలి. ఇది చెప్పాలా అనిపిస్తుంది గానీ, విడిగా ఉన్న డాలీ మీదికి కారెక్కిస్తే కొక్కెం వైపు మొన గాల్లోకి లేస్తుంది. హిచ్ బాల్ 1-7/8 లేదా 2 అంగుళాలు, రెండూ సరిపోతాయి. కప్లర్ (బాల్ మీద కూర్చునే డాలీ మొన) మీది చక్రం బిగించాక డాలీ మొనను పట్టుకుని పైకి లాగి చూడండి. బాల్ మీద కూర్చోకుండా పక్కన వాలి ఉంటే అక్కడే బయటపడుతుంది. గొలుసులు కప్లర్ కింద ఒకదాన్నొకటి దాటేలా, అంటే ఎడమది కుడికి, కుడిది ఎడమకు వెయ్యాలి. కప్లర్ ఊడినా మొన రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ ఉయ్యాల ఆపుతుంది. మోటర్‌హోమ్ హిచ్ ఎత్తుగా ఉంటే కిందికి వంగిన బాల్ మౌంట్ వాడి డాలీని చదునుగా నిలపాలి. మొన పైకి లేచి ఉంటే డాలీ వెనక అంచు కిందికి వాలి, పెట్రోలు బంకు వాలులో నేలకు గీరుకుంటుంది.

కారు ఎక్కించడం చదును నేల మీద, అంతా ఒకే వరసలో. ముందు బంపరు బాగా కిందికున్న కార్లకు ర్యాంపుల కింద రెండడుగుల చెక్కలు వేస్తే ప్లాస్టిక్ విరగదు. పక్కన ఒక మనిషి నిలబడి చెబుతుండగా, టైర్లు ముందు ఆపుడు కడ్డీకి తగిలేదాకా మెల్లగా రావాలి. తగిలాక ఇంకాస్త అని యాక్సిలరేటర్ నొక్కితే కడ్డీ దాటేస్తుంది. స్టీరింగ్ తాళం వెయ్యాలా వద్దా అన్నది డాలీ రకాన్ని బట్టి మారుతుంది. పళ్లెం (కారు ముందు చక్రాలు కూర్చునే చోటు) తిరిగే రకానికి ఒకలా, తిరగని రకానికి ఇంకోలా. డాలీకి అంటించిన సూచనే ప్రమాణం, వేరే డాలీ వాడిన స్నేహితుడి మాట కాదు.

ఇప్పుడు పార్కింగ్ బ్రేకు. డాలీ మీద జరిగే నష్టాల్లో దీనివి చాలా ఉంటాయి. గేరు పార్కులో, పార్కింగ్ బ్రేకు వదిలేసి ఉండాలి. పాత చేతి బ్రేకైతే చూపుకే తెలుస్తుంది. ఈ మధ్య కార్లలో అది మీట, పైగా తనంతట తానే పడుతుంది. టొయోటాల్లో ఆటో పద్ధతి ఆన్‌లో ఉంటే పార్కులో పెట్టగానే బ్రేకు పడిపోతుంది. మీరు మీట నొక్కి వదిలించి, తర్వాత పార్కులో పెట్టి దిగారంటే మళ్లీ పడినట్టే. బ్రేకు పెడల్ తొక్కి, మీటను కిందికి నొక్కి తెర మీద సందేశం వచ్చేదాకా పట్టుకుంటే ఆటో ఆగుతుంది. హోండాల్లోనూ ఇంజను ఆపగానే పడే ఏర్పాటుంటుంది, మాన్యువల్ చూసి తియ్యండి. వదిలించకపోతే వెనక టైర్లు ఈడ్చుకుపోతాయి, ఒకచోటే అరిగి పొగ లేస్తాయి. ముప్పై అడుగుల ముందు కూర్చున్న డ్రైవరుకు ఆ లాగుడు తెలియదు. కాబట్టి కట్టడం అయ్యాక పది అడుగులు కదిలించండి, ఒక మనిషి వెనక చక్రాలు తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడాలి. తర్వాత మొదటి ఆగుడులో వెనక చక్రం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లి చూడండి. వేడి కొడుతుంటే బ్రేకు రాసుకుంటున్నట్టే. ఇంకోటి, బ్యాటరీ దిగిపోతే ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకును వదిలించలేం. లోపల దీపాలు వెలిగించి వదలొద్దు.

పట్టీల సంగతికొస్తే, కారు ముందు టైర్లను డాలీకి కట్టిపడేసే రెండు పట్టీలనూ డాలీ అద్దెకు తీసుకునేటప్పుడే వేళ్లతో పూర్తిగా తడిమి చూడండి. అంచు తెగి పోగులు లేచినా, ఎండకు పెళుసెక్కినా, రాచెట్ (పట్టీని బిగించే పళ్ల మీట) పళ్లు తుప్పుపట్టి జారుతున్నా వేరేది అడగండి. వాళ్లిస్తారు, మొహమాటం అక్కర్లేదు. పట్టీ టైరు మధ్యలో, మెలి పడకుండా కూర్చోవాలి. పక్కకు పోతే మలుపులో జారిపోతుంది. మడ్‌గార్డుకో, బ్రేకు గొట్టానికో తగలకూడదు. రాచెట్ ఇరుసులో కొస దూర్చి ముందు చేత్తోనే వదులంతా లాగెయ్యాలి. ఆ తర్వాత తిప్పితే ఇరుసు మీద రెండు మూడు చుట్లు పడాలి. ఒక్క చుట్టే ఉంటే కొస జారే ప్రమాదం, నాలుగైదుంటే రాచెట్ ఇరుక్కుని దింపేటప్పుడు ఏడిపిస్తుంది. ఎడమదొకసారి, కుడిదొకసారి మార్చి మార్చి బిగించాలి. ఒకటే పూర్తిగా బిగిస్తే కారు పక్కకు ఒరుగుతుంది. మిగిలిన కొసను ముడేసి కట్టండి, వదిలేస్తే గాలికి ఊగి డాలీ చక్రంలో చుట్టుకుంటుంది. ఎంత బిగించినా మొదటి ఐదు మైళ్లలో టైరు పళ్లెంలో సర్దుకుని పట్టీ వదులవుతుంది. అక్కడ తప్పక ఆగి మళ్లీ బిగించాలి. యాభై మైళ్ల దగ్గర ఇంకోసారి, ఆ తర్వాత పెట్రోలు పోయించిన ప్రతిచోటా.

పట్టీలు తెగితే ఆఖరి ఆధారం కారుకూ డాలీకీ మధ్య గొలుసులు. కొక్కేలు ఛాసీకో, సస్పెన్షన్‌లో గట్టి చేతికో తగలాలి. బంపరు కడ్డీ, స్టీరింగ్ రాడ్, ప్లాస్టిక్ కవచం పనికిరావు. ఈ కాలపు కార్లలో కింద మొత్తం ప్లాస్టిక్ కప్పేసి ఉంటుంది. ఎక్కడ తగిలించాలో ఇంటి దగ్గరే వంగి వెతికి పెట్టుకోండి, రాత్రి ఏడింటికి డిపో మూసే వేళ కాదు. మలుపుకు సరిపడా వదులుండాలి, నేలకు రాయకూడదు.

డాలీ దీపాలు కారు ముందు చక్రాల పక్కనుంటాయి. వెనక వచ్చేవాళ్లకు సరిగా కనబడవు. కారు డిక్కీ మీద అంటించే అయస్కాంత దీపాలు పెట్టడం మంచిది. మోటర్‌హోమ్‌కు ఏడు పిన్నుల సాకెట్, డాలీకి నాలుగు పిన్నుల ప్లగ్ ఉంటుంది. మధ్యలో అడాప్టర్ మీరే తెచ్చుకోవాలి.

వేగం 55 మైళ్లు దాటొద్దని యూహాల్ నియమం, కాలిఫోర్నియాలో వెనక బండి లాగుతుంటే చట్టమూ అదే. రివర్స్ మాత్రం మర్చిపోండి. రెండు చోట్ల వంగే బండి వెనక్కి పోతే కొన్ని అడుగుల్లోనే అడ్డం తిరిగి డాలీ మడ్‌గార్డు కారు తలుపుకు గుద్దుతుంది. ఇరుక్కుంటే కారు దించి డాలీ విప్పడమే మార్గం. అందుకే బంకుల్లో చివరి పంపు, క్యాంప్‌గ్రౌండ్‌లో రివర్స్ అక్కర్లేకుండా ఒకవైపు వచ్చి ఇంకోవైపు బయటపడే సైటు అడగండి. వెనక కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి, డాలీ టైరు పగిలినా సీట్లో మీకు తెలియదు.

దించేటప్పుడు ముందు కారెక్కి పార్కింగ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ఆ తర్వాతే గొలుసులు, పట్టీలు విప్పాలి. రాచెట్ మీట వదిలినప్పుడు ఎగిరి మొహానికి తగలొచ్చు, పక్కకు తిరిగి నిలబడండి. డాలీ హిచ్‌కే ఉండాలి. ఖాళీ డాలీ తిరుగు దారిలో గుంతలకు బాగా ఎగురుతుంది, పట్టీలూ గొలుసులూ దాని మీదే కట్టేసి రండి. టొయోటా ఆటో బ్రేకు ఆపి ఉంటే మళ్లీ ఆన్ చేసుకోండి, వాలులో నిలిపినప్పుడు అది పడుతుందనే అలవాటులో ఉంటారు.