అమలాపురం నుంచి ఢిల్లీకి అమ్మతో: వెళ్లడం విమానంలో, రావడం రైల్లో

తమ్ముడు ఢిల్లీలో కాపురం పెట్టిన దగ్గర్నుంచి అమ్మ ఒకసారి చూసి రావాలంటోంది. డెబ్బై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. రైల్లో రెండు రాత్రులంటే భయపడి వాయిదా వేస్తూ వచ్చాం. 2024 డిసెంబరులో రాజమండ్రి విమానాశ్రయం మధురపూడి నుంచి ఢిల్లీకి నేరుగా విమానం మొదలయ్యాక ఇక ఆగలేదు.

రాజమండ్రి నుంచి ఢిల్లీకి గాలిలో సుమారు 1,360 కిలోమీటర్లు. రైలుకైతే దాదాపు 1,900. రైలు ముందు కిందికి బెజవాడ దాకా దిగి, అక్కడ్నుంచి వరంగల్, బల్లార్షా, నాగపూర్, భోపాల్ మీదుగా పైకెళ్లాలి. విమానానికి ఆ చుట్టు లేదు, రెండున్నర గంటల్లోపే దింపేసింది.

కానీ కోనసీమ వాళ్లు లెక్క వేసుకోవాల్సింది గడప నుంచి గడపకండీ. అమలాపురం నుంచి కొత్తపేట, రావులపాలెం, గౌతమి గోదావరి వంతెన దాటి జొన్నాడ, రాజమండ్రి, ఆ పైన మధురపూడి. కారులో మాకు రెండున్నర గంటలు పట్టింది, అంటే విమానంలో కూర్చున్నంతసేపూ రోడ్డు మీదే. రెండు గంటలు ముందు చేరడం, ఢిల్లీలో సామాను కోసం నిలబడటం కలిపితే తొమ్మిది గంటలయింది. వశిష్ఠ గోదావరికి అవతల నరసాపురం, భీమవరం వైపు వాళ్లు మాత్రం బెజవాడ దగ్గరి గన్నవరం విమానాశ్రయం కూడా చూసుకోండి.

వీల్‌చైర్ సంగతి తప్పకుండా చెప్పాలి. టికెట్ కొనేటప్పుడే అడిగాను, పైసా తీసుకోలేదు. ఢిల్లీలో వీల్‌చైర్ తోసే కుర్రాడు అమ్మని సామాను దగ్గరికి, అక్కడ్నుంచి టాక్సీ దాకా ఎంతో ఓపిగ్గా తీసుకొచ్చాడు. పెద్దవాళ్లున్నవాళ్లు మొహమాటపడకుండా అడగండి.

అంబాజీపేట ఎండుకొబ్బరి తీసుకెళ్దామంది అమ్మ. వద్దన్నాను. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తనే వేడెక్కి అంటుకోగల సరుకు కింద లెక్క, చేతిసంచిలో రానివ్వరు. ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోకి వెళ్లింది. ఆత్రేయపురం పూతరేకులు మాత్రం అమ్మ ఒళ్లోనే ఢిల్లీ చేరాయి, ఒక్కటీ విరగలేదు.

తమ్ముడిది ఒంటిగది ఇల్లు కావడంతో కరోల్‌బాగ్‌లో లాడ్జి తీసుకున్నాం. లిఫ్ట్ ఉందన్నారు. తీరా వెళ్తే అది మొదటి అంతస్తు నుంచి ఉంది, అక్కడిదాకా మెట్లే. అమ్మ గోడ పట్టుకుని ఎక్కుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. లిఫ్ట్ వీధి మట్టం నుంచి ఉందా అని ఫోన్లోనే అడగాలని అప్పుడు తెలిసింది. గది శుభ్రంగానే ఉంది. అయినా మర్నాడే మారిపోయాం.

అశోకా రోడ్డులో ఆంధ్రాభవన్ క్యాంటీన్ భోజనం అమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. పప్పు, పొడి, నెయ్యి, అడిగినంత అన్నం. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే జనం విరగబడతారు, పన్నెండుకల్లా వెళ్లండి.

తిరుగు ప్రయాణం ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో, ముప్ఫై రెండు గంటలు. కింది బెర్తు దొరకబట్టి అమ్మ పడుకుంటూ, లేస్తూ, ఎదుటి సీటు నాగపూర్ ఆవిడతో వచ్చీరాని హిందీలో మాట్లాడుతూ వచ్చింది. నేను భయపడినంత కష్టం పడలేదు. రెండో రాత్రి తెల్లవారుజామున కొవ్వూరు దాటి గోదావరి వంతెన మీదికి వస్తుంటే నన్ను తట్టి లేపి, చిల్లర ఉందా అని అడిగింది.