58 దగ్గర ఆగే పోటీ: ఎవ్రీమ్యాన్ రిజిస్ట్రీ సెట్టుపై సమీక్ష

నాణేలు సేకరించేవాళ్లు తమ సెట్లను నమోదుచేసి పోటీపడే రిజిస్ట్రీలో సెట్టు ఎలా తెరవాలి, స్లాబు (నాణేన్ని గ్రేడు లేబుల్‌తో సీలు చేసిన ప్లాస్టిక్ పెట్టె) నంబరు ఎలా ఎక్కించాలి అన్నవి ఇక్కడ చెప్పను. నాణేల పోటీలో ఒకసారి వేలు పెట్టినవాళ్లకు అవన్నీ తెలిసినవే. నేను మాట్లాడేది ఒకే విభాగం గురించి. నాణేలకు గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థ పీసీజీఎస్ నడిపే సెట్ రిజిస్ట్రీలో ఎవ్రీమ్యాన్ పేరుతో ఉన్న సెట్లలో ఏ.యు. 58 (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, అంటే దాదాపు కొత్తది) దాటిన నాణేనికి చోటు లేదు. ఈ ఒక్క నిబంధన వల్ల నాణేల పోటీ మళ్లీ నాణేలు చూడటం వచ్చినవాళ్ల పోటీ అయింది. చాలాకాలంగా అమెరికా పాత వెండి నాణేలైన మోర్గాన్ డాలర్ల సెట్టు ఇందులో నడుపుతున్నాను, ఇప్పటికీ అదే మాట అంటాను. కాకపోతే కొత్తలో అన్నంత గట్టిగా అనలేను.

పైన గీత లేని మామూలు విభాగంలో ఏం జరుగుతుందో తెలిస్తేనే ఈ గీత విలువ అర్థమవుతుంది. విలియం షెల్డన్ 1949లో నాణెం స్థితిని కొలిచే ఈ 70 అంకెల కొలబద్దను తెచ్చింది పాతకాలపు పెద్ద రాగి సెంట్ల కోసం. ఇవాళ అందులో చలామణి కాని నాణేలకు కేటాయించిన 60 నుంచి 70 దాకా ఉన్న 11 మెట్ల మీదే పోటీ అంతా నడుస్తోంది. 2010 నుంచి వాటి మధ్యలో ప్లస్ మెట్లు కూడా వచ్చాయి. 66కీ 67కీ తేడా అంటే నాణెం మీది లిబర్టీ దేవత చెంపపై సంచిలో రాసుకుని పడ్డ ఒకటి రెండు గీతలు, మెరుపులో ఒక ఛాయ. అదే నాణేన్ని అదే సంస్థకు రెండుసార్లు పంపితే రెండు అంకెలు రావచ్చు. అందుకే స్లాబు పగలగొట్టి మళ్లీ పంపడం, రాకపోతే ఇంకోసారి పంపడం ఒక పనిగా పెట్టుకున్నవాళ్లున్నారు. పాత లేబుళ్లు వెనక్కి ఇవ్వరు కనుక ఒకే నాణెం పాపులేషన్ రిపోర్టులో (ఏ గ్రేడులో ఎన్ని వచ్చాయో చెప్పే లెక్క) మూడు నాణేలుగా కనిపిస్తుంది. స్కోరు లెక్కపెట్టేది లేబుల్ మీది అంకెనే. మళ్లీ మళ్లీ రుసుము కట్టగలిగినవాడికి ఆ అంకె అందుతుంది, ఒక్కసారికే ఆగిపోయినవాడికి అందదు. నాణేన్ని గుర్తుపట్టే నేర్పు ఇద్దరిలో ఎవరికి ఎక్కువ అన్న ప్రశ్నే అక్కడ రాదు.

58 గీత దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. 58 అంటే చలామణిలోకి వెళ్లీ వెళ్లనట్టున్న నాణెం. మైదానంలో (బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగంలో) మెరుపు దాదాపు పూర్తిగా ఉంటుంది, ఎత్తైన చోట్ల మాత్రం కాస్త బూడిదరంగు కనిపిస్తుంది. కళ్లకు ఇది చాలాసార్లు 61, 62 నాణేలకంటే బాగుంటుంది. ఆ 61లు అరగలేదు, నిజమే. కానీ సంచుల్లో ఒకదానికొకటి కొట్టుకుని చెంపంతా గాట్లతో ఉంటాయి. చూడటానికి బాగున్న నాణేన్నే కొంటూ పోటీలో కూడా ముందుకు వెళ్లగలగడం మామూలు విభాగంలో దొరకని సుఖం.

మోర్గాన్‌లో 58ని పట్టుకోవడానికి ఒకే దీపం చాలు. నాణేన్ని అంచులతో పట్టుకుని దీపం కింద మెల్లగా వాల్చి తిప్పాలి. మెరుపు గిరగిరా తిరుగుతూ బొమ్మ వైపు చెవి పైనున్న జుట్టు, చెంప, కంటి పై భాగం దగ్గర ఆగుతోందా చూడాలి. బొరుసు వైపైతే గద్ద రొమ్ము, తల, రెక్కల పై అంచులు. ఈ చోట్లలోనే ఆగి మైదానంలో ఆగకపోతే 58. మైదానం మధ్యలో కూడా మెరుపు తెగి మసకబారితే 55 లేదా ఇంకా కింద. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ముఖ్యంగా న్యూ ఓర్లీన్స్ టంకశాల నాణేలతో. 1891 ఓ, 1892 ఓ లలో (ఓ అనేది ఆ టంకశాల గుర్తు) అచ్చు బలంగా పడక చెవి పైన జుట్టు పుట్టుకతోనే చదునుగా ఉంటుంది. అది అరుగుదల కాదు. భూతద్దంలో చూస్తే బలహీనమైన అచ్చు ఉన్నచోట లోహపు బిళ్ల తాలూకు చిన్న చిన్న గరుకులు, గుంటలు అలాగే ఉంటాయి, వాటి మీదుగా మెరుపు కూడా సాగుతుంది. అరిగినచోట ఆ గరుకులు పోయి నున్నగా, కాంతి లేకుండా ఉంటుంది. ఈ తేడా తెలిసినవాడు 1892 ఓ లను ధీమాగా ఏరుకోవచ్చు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది వేరే సంగతి. ఈ విభాగంలోకి రాగానే ఏది అరుదు, ఏది మామూలు అన్నది తలకిందులవుతుంది. 1884 సీసీ సంగతి చూడండి. కార్సన్ సిటీలో అచ్చయినవి 11,36,000. వాటిలో 9,62,638 ఏనాడూ జేబుల్లోకి వెళ్లలేదు. ఖజానా నేలమాళిగలో సంచుల్లోనే ఉండి, 1972 నుంచి 1980 దాకా అమెరికా ప్రభుత్వ ఆస్తులు చూసే సంస్థ జీఎస్ఏ అమ్మకాల్లో బయటికొచ్చాయి. అంటే నూటికి 84 పైగా కొత్తవే. మామూలు సెట్టులో 63, 64 కావాలంటే ఏ నాణేల ప్రదర్శనలోనైనా దొరుకుతుంది. సరిగ్గా 58లో దొరకాలంటే చలామణి అయిన ఆ కొద్ది మిగులులోంచి, అదీ అతి తక్కువగా అరిగినది రావాలి. దొరికినా చాలాసార్లు స్లాబులో ఉండదు. 63 సులభంగా వచ్చే తేదీకి (అంటే సంవత్సరం, టంకశాల కలిసిన రకానికి) 58 లేబుల్ కోసం గ్రేడింగ్ రుసుము చాలామంది కట్టరు కదా. 1903 ఓ కథా ఇదే. 1962లో ఖజానా సంచులు విప్పేదాకా అది మోర్గాన్లలో అందని పండు. విప్పాక కొత్త నాణేలు కుప్పలుగా వచ్చాయి, కొద్దిగా అరిగినవి మాత్రం అప్పటిలాగే తక్కువ.

కాబట్టి ఈ తేదీల్లో విడి నాణేలను వెతికి, 58 అవుతుందని మనమే లెక్కగట్టి, మనమే గ్రేడింగుకు పంపాలి. 55 వస్తే పాయింట్లు పోతాయి. 61 వస్తే సెట్టులో చోటే లేదు. ఎప్పుడో రుద్ది కడిగిన నాణెమైతే అంకె లేకుండా డీటెయిల్స్ అని రాసొస్తుంది, అప్పుడు సున్నా. రెండు వైపులా గీత ఉన్న లక్ష్యం ఇది. దీన్ని కొట్టడానికి కావలసింది చూపు, ఓపిక. వేలంలో చివరిదాకా చెయ్యెత్తి ఉంచినంత మాత్రాన 1884 సీసీ 58 రాదు. పోటీలో న్యాయం అంటే నాకు ఇదే. డబ్బున్నవాళ్లను రానివ్వకపోవడం కాదు, డబ్బు ఒక్కటే పనిచేయని చోటు కొంతైనా ఉండటం.

పాయింట్ల లెక్క కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే ఏది ముందు కొనాలో అదే చెబుతుంది. ప్రతి నాణేనికీ అరుదుదనాన్ని బట్టి ఒక బరువు ఉంటుంది. గ్రేడును బరువుతో గుణించి, అన్నీ కూడి, సెట్టు మొత్తం బరువుతో భాగిస్తే రేటింగు. మొత్తం బరువు 100, అందులో 1893 ఎస్ (శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలది) బరువు 10, మామూలు తేదీకి 1 అనుకుందాం. 1893 ఎస్ ఖాళీగా ఉండి మిగతావన్నీ 58 అయితే రేటింగు 52.2. బాగా అరిగిన గుడ్ 4 గ్రేడులో ఒకటి పెడితే 52.6. వెరీ ఫైన్ 20 పెడితే 54.2. నాలుగు నుంచి ఇరవైకి వెళ్లడంతో పెరిగిన ఆ 1.6, మామూలు తేదీలు 32 నాణేలను 53 నుంచి 58కి మార్చితే వచ్చే పెరుగుదలతో సమానం. అందుకే మామూలు తేదీలకు ఆగాగి మెరుగులు దిద్దేకంటే ముందు కీ డేట్ (సెట్టులో అన్నిటికంటే అరుదైన తేదీ) మీద పడటం మేలు. 1893 ఎస్ స్లాబులో ఉన్నా సరే, లిబర్టీ అన్న మాటలో టీ అక్షరం పై భాగాన వాలుగా ఉండే సన్నటి ఉబ్బెత్తు గీత కోసం చూడండి. ఈ తేదీ అసలు నాణేలన్నీ బొమ్మ వైపు ఒకే అచ్చుతో కొట్టినవి, గీత ఆ అచ్చుదే. బాగా అరిగిన నాణేల్లో కూడా చాలాసార్లు నిలుస్తుంది. నకిలీ స్లాబులు ఉన్నాయి కనుక ఈ పరీక్ష మానకూడదు.

ఈ లెక్కే నా మెప్పును కాస్త తగ్గించింది కూడా. 1893 ఎస్ అచ్చయింది కేవలం ఒక లక్ష. దాన్ని 58లో కొనగలిగినవాడు, 20తో సరిపెట్టుకున్నవాడికంటే ఆ ఒక్క నాణెంతోనే 3.8 ముందుంటాడు. అతని మిగతా సెట్టు కూడా 58లే అయితే, మనం ఎంత నేర్పుగా ఏరినా ఆ దూరం పూడదు. పైన గీత గీయడం వల్ల డబ్బు బలం తగ్గిందే తప్ప తొలగిపోలేదు. మొదటి స్థానం కోసం వచ్చేవాళ్లు ఇది ముందే తెలుసుకుని రావాలి.

అసలు దెబ్బ మాత్రం ఇంకోచోట తగులుతుంది. 1884 ఎస్, 1892 ఎస్, 1901 అనే మూడు తేదీలున్నాయి. 1884 ఎస్ అచ్చయినవి 32 లక్షలు, 1901 దాదాపు 70 లక్షలు. అరిగినవి కావలసినన్ని, కొత్తవి మాత్రం బహు తక్కువ. 58 నుంచి 60 పైకి వెళ్తే ధర ఆకాశానికి ఎగురుతుంది. దాంతో ఈ తేదీల్లో మంచి 58 కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు స్లాబు పగలగొట్టి 61 ఆశతో పంపుతారు. రాకపోతే మళ్లీ పంపుతారు. ఏదో ఒకరోజు, చెవి పైన ఉన్న ఆ బూడిదరంగును సంచిలో రాసుకున్న గుర్తుగా లెక్కేసిన గ్రేడరు చేతిలో అది 61 అవుతుంది. అదే నాణెం, అదే అరుగుదల. ఎవ్రీమ్యాన్ సెట్టుకు మాత్రం ఇక లేనట్టే. ఇలా బాగున్నవన్నీ పైకి జారిపోగా 58 లేబుల్ కింద మిగిలేవి ఎన్నిసార్లు పంపినా గట్టెక్కనివి, అంటే మెరుపు తక్కువైనవి లేదా గాట్లు ఎక్కువైనవి. 1901లో కళ్లకు నచ్చే 58 కోసం వెతికినవాళ్లకు ఈ బాధ తెలుసు. మామూలు విభాగంలోని పగలగొట్టే ఆట నుంచి తప్పించుకుందామని ఇక్కడికొస్తే, ఆ ఆట మన చేతిలోని నాణేలనే పట్టుకుపోతుంది. నిబంధన రాసినవాళ్ల తప్పు కాదిది. గీత ఎక్కడ గీసినా దాని పక్కనే ధరల గోడ ఉన్న తేదీల్లో ఇదే జరుగుతుంది. కానీ దీన్ని దాచి ఈ విభాగం పూర్తిగా న్యాయమైనదని చెప్పడం నాకు చేతకాదు.

దీనికి ఉన్న జాగ్రత్త ఒక్కటే. ఈ మూడు తేదీల్లో పాత స్లాబులో మంచి 58 దొరికితే దాన్ని కదపకండి. స్లాబు గీతలు పడి మార్పించాలనుకుంటే కేవలం హోల్డర్ మార్పు అని స్పష్టంగా అడగండి, గ్రేడు మళ్లీ చూడమని ఎంచుకోకండి. అలా ఎంచుకుంటే అంకె పెరిగి నాణెం విలువ పెరగొచ్చు. సెట్టులో మాత్రం దాని గది ఖాళీ అవుతుంది.

పక్కనే లో బాల్ సెట్లు కూడా ఉన్నాయి, అక్కడ తక్కువ గ్రేడుకే ఎక్కువ పాయింట్లు. పూర్ 01 (కొలబద్దలో అట్టడుగు గ్రేడు) దొరకాలంటే నాణెం దాదాపు చదునైపోయినా తేదీ, టంకశాల గుర్తు చదవగలిగేలా మిగలాలి. అమెరికా ఐదు సెంట్ల నాణెం బఫెలో నికెల్‌లో తేదీయే ముందు అరిగిపోతుంది కనుక అక్కడ 01 చాలా కష్టం. ఫిలడెల్ఫియా టంకశాల పాత నాణేలకు సాధారణంగా గుర్తే ఉండదు, వాటిదింకో తంటా. గుర్తు ఉండాల్సిన చోటు అరిగిపోతే గుర్తు లేదో, ఉండి చెరిగిందో తేల్చలేం. సరదాగా ఉంటుంది, కానీ చేత్తో రుద్ది అరగదీసినవి చొరబడుతుంటాయి. బొమ్మ చదునై అంచు పదునుగా ఉంటే అనుమానించాలి. జేబుల్లో తిరిగిన నాణెం అంచుతో సహా అరుగుతుంది.

ర్యాంకుల పట్టికల్లో ప్రస్తుత జాబితానే చూస్తాను. సార్వకాలిక జాబితాలో అమ్మేసి మూసేసిన సెట్లు కూడా నిలిచి ఉంటాయి. ఒకే నాణెం ఇద్దరు ముగ్గురు యజమానుల పేర్ల కింద పాయింట్లు తెస్తుంది, వాటితో పోల్చుకుని ప్రయోజనం లేదు.

నాకు ఈ విభాగం సరిపోవడానికి కారణాలు నావే. వెండి డాలర్లను చేతిలో తిప్పి చూడటం ఇష్టం, నెలల తరబడి ఒక తేదీ దొరక్కపోయినా ఫర్వాలేదు, ర్యాంకుల్లో రెండో పదిలో ఉన్నా నిద్ర పడుతుంది. విడి నాణేలు కొని స్వయంగా గ్రేడింగుకు పంపే అలవాటు లేనివాళ్లకు, స్లాబులో ఉన్నవే కొందామనుకునేవాళ్లకు సీసీ తేదీల దగ్గరే సెట్టు ఆగిపోతుంది. అలాంటివాళ్లు మోర్గాన్ కాకుండా మెర్క్యురీ డైములతో (అమెరికా పది సెంట్ల వెండి నాణేలతో) మొదలుపెడితే నయం. 1916 డి (డెన్వర్ టంకశాలది) ఒక్కటి గట్టిగా అడ్డుపడుతుంది, దాదాపు మిగతావన్నీ ఓపికతో దొరుకుతాయి.