బొజ్జ ఉన్నవాళ్లకు కిల్ట్: కొన్నేళ్లు వాడాక నా మాట

కిల్ట్ అంటే స్కాట్లండ్‌లో మగవాళ్లు కట్టే ఉన్ని వస్త్రం, వెనక కుచ్చిళ్లు, ముందు చదునైన పలక, మోకాలి దాకా వస్తుంది. ప్యాంటు సైజు చెప్పి కిల్ట్ కొనకండి. పొట్ట ఉన్నవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. నా ప్యాంటు 42. బొడ్డు మీదుగా టేపు తిప్పితే 48. ప్యాంటైనా పంచైనా పొట్ట కిందికి దించి కట్టడం మనకు అలవాటు. కిల్ట్ నిలవాల్సిన చోటు అది కాదు. తుంటి ఎముకకు పైన, దాదాపు బొడ్డు ఎత్తులో నిలవాలి. 42 అని చెప్పి తెప్పించుకుంటే పట్టదు. ఎలాగో పట్టించినా నాలుగడుగులు వేసేసరికి జారిపోయి పొట్ట కింద కూర్చుంటుంది.

నేను ఉండేది గ్లాస్గోలో. పెళ్లిళ్లకు, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్‌కు, నవంబర్ 30న స్కాట్లండ్ పండగ సెయింట్ ఆండ్రూస్ డేకి ఇక్కడ కిల్ట్ వేసుకోవడం మామూలే. స్కాటిష్ స్నేహితుల పెళ్లిళ్లకు మనవాళ్లూ అద్దెకు తెచ్చుకుంటారు. నేనూ మొదట్లో అద్దెవాటితోనే నెట్టుకొచ్చాను. నాకు దొరికినవన్నీ పై అంచు తిన్నగా కుట్టినవే. పొట్ట కిందికి జారగానే ముందు అంచు మోకాలు దాటి వేలాడేది, వెనక అంచు పైకి లేచేది. పక్క నుంచి తీసిన ఫొటో చూస్తే తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. "అన్నా, అది నీ పొట్ట మీద నిలిచే రకం కాదులే" అని ఒక తమ్ముడు తేల్చేశాడు కూడా.

నిలుస్తుంది. కానీ కొలతలిచ్చి కుట్టించుకోవాలి. ఇప్పుడు నేను వాడేది చేత్తో కుట్టించుకున్న ఉన్ని కిల్ట్. కొలతలు తీసుకున్న ఆవిడ ముందుగా నా పొట్ట చుట్టూ ఒక ఎలాస్టిక్ కట్టి, కుర్చీలో కూర్చోమంది, లేవమంది, అటూ ఇటూ నడవమంది. ఎలాస్టిక్ వెనక కదల్లేదు, ముందు మాత్రం కాస్త దిగింది. అదే నా నడుము గీత అంది. దాని ప్రకారం కిల్ట్ పై అంచుని ముందువైపు అంగుళంన్నర కిందికి వంపుగా కత్తిరించింది. కింది అంచు మాత్రం చుట్టూ సమానంగా మోకాలి చిప్ప దగ్గరే ఆగింది. నన్ను అడిగితే డబ్బంతా ఈ వంపుకే ఇచ్చినట్టు. అద్దె కిల్ట్‌లో కూర్చుంటే పై అంచు మడత పడి డొక్కలో గుచ్చుకునేది. దీంట్లో రెండు గంటల విందు భోజనం తర్వాత కూడా ఊపిరి ఆడుతుంది.

రెండో సంగతి కుచ్చిళ్లు. నడుము నుంచి పిరుదుల దాకా వీటిని కుట్టేస్తారు, అక్కడి నుంచి కిందికి వదిలేస్తారు. మామూలు ఒళ్లయితే పిరుదులకన్నా నడుము సన్నం కాబట్టి ప్రతి కుచ్చినీ పైకి వెళ్లేకొద్దీ సన్నం చేస్తారు. నాకు నడుము 48, పిరుదులు 46. లెక్క తలకిందులు. నడుము కొలతని వెనక్కీ ముందుకీ సమానంగా పంచితే వెనక బట్ట వదులై బుడగలా లేస్తుంది. పెరిగిందంతా ముందే కాబట్టి ఆవిడ ఆ ఎక్కువ కొలతంతా ముందు పలక వైపే ఇచ్చింది. మీరు కుట్టించుకుంటే ఈ ఒక్క ప్రశ్న అడగండి: పొట్ట కొలత ముందుకు ఇస్తారా, చుట్టూ పంచుతారా? సమాధానం తడబడితే ఇంకో దుకాణం చూసుకోవడం మంచిది.

ఇక బట్ట. 'ఎనిమిది గజాల కిల్ట్' అనేది అందరి నోటా వినిపించే మాట. పెద్ద పన్నా బట్టని నాలుగు గజాలు తీసుకుని, నిలువునా రెండుగా చీల్చి కలిపితే ఆ ఎనిమిదీ వస్తాయి. సన్నటి మనిషికి అది దండి. పిరుదులు 46 ఉన్నవాడికి అవే ఎనిమిది గజాలు చుడితే కుచ్చిళ్ల లోతు తగ్గిపోయి, నడుస్తుంటే ఊగవు. అందుకే నాది తొమ్మిది. పెద్ద పన్నా గజానికి 13 ఔన్సులు తూగే బట్టా, 16 ఔన్సులు తూగే బట్టా ఎక్కువగా దొరుకుతాయి. లావుగా ఉన్నవాళ్లు పల్చటిదైతే చల్లగా ఉంటుందని అదే తీసుకుంటారు. నేను 16 వైపే. మందపాటి ఉన్ని పొట్ట మీద నుంచి తిన్నగా వేలాడుతుంది, పల్చటిది ఒంటికి అతుక్కుని ఉన్నదంతా చూపిస్తుంది. మొత్తం రెండు కిలోల పైనే బరువు, కేలీ అనే స్కాటిష్ బృంద డాన్సుల్లో చెమట ధారగా కారుతుంది, అది నిజం. దీన్ని మే నెలలో విజయవాడ తీసుకెళ్లే ఆలోచన మాత్రం వద్దు.

నా టార్టాన్, అంటే గళ్ల డిజైను, బ్లాక్ వాచ్ రకం: ముదురు ఆకుపచ్చ, నీలం, నలుపు. వెనక కుచ్చిళ్లని గళ్లు కలిసేలా కాకుండా ఒకే చార మళ్లీ మళ్లీ వచ్చేలా, మిలిటరీ పద్ధతిలో వేయించుకున్నాను. నిలువు చారల వల్ల వెడల్పు అంతగా కనబడదు.

లావుపాటి వాళ్లకి కిల్ట్ ఏంటని ఎవరైనా నవ్వితే బ్రిటన్ రాజు నాలుగో జార్జ్‌ని గుర్తు చేస్తాను. 1822లో రచయిత వాల్టర్ స్కాట్ దగ్గరుండి ఏర్పాట్లు చేసిన ఎడిన్‌బరా పర్యటనలో ఆయన కిల్ట్ కట్టాడు. భారీ మనిషి, పొట్టి కిల్ట్, కింద గులాబీ రంగు మేజోళ్లు. కార్టూన్లు గీసేవాళ్లకు పండగే. తర్వాత 1829లో డేవిడ్ విల్కీ వేసిన చిత్రంలో ఆ మేజోళ్లు లేవు, ఒళ్లూ బాగానే తగ్గింది! మనకు విల్కీ దొరకడు కాబట్టి దర్జీనే నమ్ముకోవాలి.

నచ్చనివి కూడా ఉన్నాయి. ముందు వేలాడే తోలు సంచి, స్పోరన్, పొట్ట వల్ల ముందుకు పొడుచుకొచ్చి నడిచినప్పుడల్లా తొడకి కొడుతుంది. మామూలు గొలుసు నాకు చాల్లేదు, అదనపు ముక్క కలిపాను. ఆ గొలుసు రాసుకుని వెనక ఉన్ని మీద ఒక గీత అరిగింది. ఇప్పుడు గొలుసు తీసేసి తోలు పట్టీ వాడుతున్నాను. స్ట్రిప్ ది విల్లో లాంటి డాన్సుకి సంచిని పక్కకి తిప్పేస్తాను.

కోటు దగ్గర కూడా జాగ్రత్త. కిల్ట్ మీద వేసుకునే ప్రిన్స్ చార్లీ కోటు ముందు మూసుకోదు, మూడు గుండీల వెయిస్ట్‌కోటు పొట్టిది. వెయిస్ట్‌కోటుకీ కిల్ట్‌కీ మధ్య నుంచి చొక్కా తొంగిచూస్తే ఎంత ఖరీదైన కిల్ట్ అయినా దండగ. ఆర్గైల్ కోటు, ఐదు గుండీల వెయిస్ట్‌కోటు నా ఒంటికి నప్పాయి.

లోపల ఏం వేసుకోవాలన్న పాత జోకు సంగతి ఎలా ఉన్నా, తొడలు రాసుకునే వాళ్లు మోకాలి పై దాకా ఉండే సైక్లింగ్ షార్ట్ వేసుకోండి. ఎవరికీ కనబడదు, మర్నాడు మంట ఉండదు.

నాకు ఏడు వందల పౌండ్లు దాటింది. ఎక్కువే. అయితే మధ్యలో నేను ఇంకాస్త ఒళ్లు చేస్తే బకిల్స్ జరిపించుకుంటే సరిపోయింది, పాత కుట్ల గుర్తులు బయటికి కనబడలేదు. ఎటొచ్చీ కిల్ట్‌ని బిగించే తోలు పట్టీలు పొట్టివైపోయి, ఒకటి కొత్తది వేయించాల్సి వచ్చింది. దాని రంగు మిగతా రెండింటితో కలవలేదు. ఆర్డరు ఇచ్చేటప్పుడే పట్టీలు రెండంగుళాలు పొడుగు పెట్టమనండి.