టెస్లా సెంట్రీ మోడ్: పార్కింగ్‌లో గుద్ది పారిపోయినవాణ్ణి ఎంతవరకు పట్టిస్తుంది?

ఆపి ఉన్న కారుని ఎవరో గుద్ది, అద్దం మీద చీటీ కూడా పెట్టకుండా పోయారు. అమెరికాలో టెస్లా ఉన్నవాళ్ళ నోట అప్పుడు మొదట వచ్చే మాట, "సెంట్రీ ఉందిగా, దొరికిపోతాడులే." ఆ ధీమా సగమే నిజం. సెంట్రీ మోడ్ అంటే ఆపి ఉన్న కారు తన కెమెరాలతో చుట్టూ జరిగేది రికార్డు చేసుకునే సదుపాయం. అది కాపలాదారు కాదు, సాక్షి. ఆ సాక్షికి జ్ఞాపకం యూఎస్‌బీ డ్రైవ్, ఊపిరి బ్యాటరీ. ఈ రెంటిలో ఏది లేకపోయినా మీ చేతిలో మిగిలేది సొట్టే. 2019 ఫిబ్రవరిలో వచ్చిన ఈ సదుపాయానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. గుద్ది పారిపోయే కేసుల్లో దాని పనితనానికి మేమిచ్చే మార్కులు ఐదుకి మూడున్నర. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి టెస్లాది, అర మనది.

మన అర మార్కు సంగతి ముందు చూద్దాం. సెట్టింగుల్లో కంట్రోల్స్, సేఫ్టీ, సెంట్రీ మోడ్ వరుసలో వెళితే "హోమ్, వర్క్, ఫేవరెట్స్" దగ్గర పనిచేయొద్దని చెప్పే గుర్తులు ఉంటాయి. కరెంటు మిగులుతుందని చాలామంది హోమ్‌కి టిక్ పెట్టేస్తారు. సొంత గ్యారేజీ ఉన్నవాళ్ళకి అది సబబే. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లోనో, ప్లేనోలోనో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి మాత్రం అదే కొంప ముంచుతుంది. రాత్రంతా పక్కపక్కనే కార్లు, పొద్దున్నే హడావిడిగా రివర్స్ తీసేవాళ్ళు, సామాన్లు దించే ట్రక్కులు. దెబ్బ తగిలే చోటే సాక్షిని నిద్రపుచ్చినట్టు. అపార్ట్‌మెంట్ లాట్‌లో కారు పెట్టేవాళ్ళు ఆ టిక్ ఇవాళే తీసేయండి.

రెండోది డ్రైవ్. కొత్త కార్లలో గ్లవ్‌బాక్స్‌లోనే యూఎస్‌బీ వస్తుంది. పాతవాటికి మనమే కొని పెట్టుకోవాలి. కనీసం 64 జీబీ ఉండాలి, సెకనుకి 4 ఎంబీ చొప్పున ఆగకుండా రాయగలగాలి. పెళ్ళి వీడియోలు ఇచ్చిన ఉచిత పెన్‌డ్రైవ్ ఇక్కడ పనికిరాదు. ఎండలో మరిగే కారులో రోజంతా రాసి తుడిచే పని కాబట్టి, నిఘా కెమెరాల కోసం చేసిన 'హై ఎండ్యూరెన్స్' మెమరీ కార్డుని రీడర్‌లో పెట్టి వాడితే ఎక్కువ కాలం వస్తుంది. ఫార్మాట్ కారులోనే చేయండి. 'టెస్లాక్యామ్' అనే ఫోల్డర్ అదే తయారు చేసుకుంటుంది. స్క్రీన్ మీద కెమెరా బొమ్మ పక్కన ఎర్ర చుక్క ఉంటే రాస్తున్నట్టు. బొమ్మ మీద ఎక్స్ గుర్తు కనిపిస్తే డ్రైవ్ నిండిందో, పాడైందో.

బ్యాటరీ లెక్క ఇంకా ముఖ్యం. సెంట్రీ నడవాలంటే ఛార్జ్ 20 శాతం పైన ఉండాలి. అంతకన్నా తగ్గితే దానంతట అదే ఆగిపోతుంది. గంటకి దాదాపు ఒక మైలు రేంజ్ తింటుంది. రోజుకి 24 మైళ్ళు, అంటే సుమారు 6 యూనిట్లు. 75 యూనిట్ల బ్యాటరీలో అది 8 శాతం. యూనిట్ 15 సెంట్లయితే రోజుకి 90 సెంట్లు, నెలకి 27 డాలర్లు. ఉచిత సదుపాయం అన్నాం కదా, ఇదీ దాని ఖరీదు.

ఇక టెస్లా మార్కు ఎందుకు తగ్గిందంటే, సెంట్రీకి కోపం రెండు మెట్లలో వస్తుంది. ఎవరైనా దగ్గరికి వస్తే 'అలర్ట్', లైట్లు మిణుకుమంటాయి. అద్దం పగలగొట్టడం లాంటి పెద్ద దెబ్బయితే 'అలారం', అప్పుడే మోత మోగుతుంది, ఫోన్‌కి కబురొస్తుంది. పార్కింగ్ లాట్‌లో మెల్లగా రాసుకుపోయే బంపర్ దెబ్బ చాలాసార్లు మొదటి మెట్టు దాటదు. ఫోన్ మోగలేదు కాబట్టి ఏమీ కాలేదనుకోవద్దు. తిరిగొచ్చినప్పుడు స్క్రీన్ మీద ఇన్ని ఈవెంట్లు అని చూపిస్తుంది. దాన్ని విసుగ్గా మూసేసి బయల్దేరే అలవాటుంటే, దెబ్బ ఇంటికెళ్ళాక కంటపడుతుంది. అప్పటికి ఏ లాట్‌లో తగిలిందో కూడా తేలదు. 'కెమెరా బేస్డ్ డిటెక్షన్' అనే గుర్తుని కూడా ఆపకండి. అది ఆపితే కారుని తాకినప్పుడే రికార్డవుతుంది, గుద్దే ముందు బండి ఎలా వచ్చిందో చూపించే ముక్క దక్కదు.

కెమెరాలకి కంటి మరుగు చోట్లున్నాయి. పాత కార్లలో రికార్డయ్యేవి నాలుగు: ముందు అద్దం వెనకది, వెనక నంబర్ ప్లేటు పైది, ముందు ఫెండర్ల (ముందు చక్రాల పైనుండే రేకుల) మీద వెనక్కి చూసే రెండు. హార్డ్‌వేర్ 4 (టెస్లా కొత్త తరం కంప్యూటర్, కెమెరాలు) ఉన్న కార్లకి 2025 అప్‌డేట్‌తో తలుపుల మధ్య స్తంభాల కెమెరాలు కూడా కలిశాయి. ఫెండర్ కెమెరాలు వెనక్కి చూస్తాయి కాబట్టి ముందు చక్రం దగ్గర, ముందు బంపర్ మూలల దగ్గర తగిలిన దెబ్బ పాత కార్లలో సరిగ్గా పడదు. కొత్త మోడల్ వైలో ముందు బంపర్‌కే కెమెరా పెట్టడానికి ఒక కారణం ఈ లోటే అనిపిస్తుంది. నంబర్ ప్లేటు విషయానికొస్తే, పగటి వెలుతురులో ఒక కారు పొడవు దూరంలో చదవగలం. రాత్రి హెడ్‌లైట్ ఎదురుగా ఉంటే తెల్లటి మరకే. జార్జియా, నార్త్ కరొలైనా బండ్లకి ముందు ప్లేటే ఉండదు. ఆ బండి వెనక భాగం ఏ కెమెరాలో పడిందో వెతకాలి.

దెబ్బ చూశాక కారు కదపకుండా చేయాల్సిన పనులున్నాయి. వైపర్ కింద చీటీ ఉందేమో చూడండి. దూరం నుంచి లాట్ మొత్తం, గీతల మధ్య కారు ఉన్న తీరు, తర్వాత దగ్గర నుంచి దెబ్బ ఫొటో తీయండి. అంటుకున్న అవతలి బండి రంగు, కింద పడిన లైటు ముక్కలు కూడా వదలొద్దు. ప్లాస్టిక్ ముక్క మీద పార్ట్ నంబర్ అచ్చై ఉంటే అవతలి బండి ఏ మోడలో దాన్నిబట్టి తెలుస్తుంది. రంగు మరకని తుడిచేయొద్దు, అది సాక్ష్యం. ఫొటోలు, పోలీసులు అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి రుద్ది చూడండి. కొన్నిసార్లు గీత అనుకున్నది అవతలివాడి రంగే అయి పోతుంది, క్లెయిమ్ అక్కర్లేకుండా పోతుంది.

తర్వాత క్లిప్పు. కెమెరా బొమ్మని గట్టిగా నొక్కి పట్టుకుంటే రికార్డింగ్ ఆగుతుంది. అప్పుడే డ్రైవ్ లాగండి, లేకపోతే ఫైళ్ళు చెడతాయి. 'సెంట్రీక్లిప్స్' ఫోల్డర్‌లో తేదీ, సమయంతో ఉప ఫోల్డర్లుంటాయి. ఒక్కో కెమెరాకి నిమిషం నిడివి ఫైళ్ళు, పేరు చివర 'ఫ్రంట్', 'బ్యాక్', 'లెఫ్ట్ రిపీటర్', 'రైట్ రిపీటర్' అని ఉంటాయి (రిపీటర్లంటే ఫెండర్ కెమెరాలే). అన్ని కెమెరాలవీ, ముందూ వెనకా నిమిషాలతో సహా, పేర్లు మార్చకుండా రెండు చోట్ల కాపీ చేసుకోండి. వాట్సాప్‌లో పంపిన క్లిప్పుని అది కుదించేస్తుంది. ప్లేటులోని 8 కాస్తా బీ అయిపోతుంది. అసలు ఫైలు పోకుండా చూసుకోండి.

దుకాణం వాళ్ళ కెమెరాల సంగతి ఆ పూటే అడగాలి. చాలాచోట్ల కస్టమర్‌కి ఇవ్వరు, పోలీసులకే ఇస్తారు. అందుకే "ఇవ్వండి" అనకుండా "చెరిగిపోకుండా దాచిపెట్టండి" అని మేనేజర్‌ని అడగడం పని చేస్తుంది. పోలీసులకి నాన్ ఎమర్జెన్సీ నంబర్‌కి చేయండి, 911కి కాదు. ప్రైవేటు లాట్ అయితే ఆఫీసర్ రాకపోవచ్చు. ఆన్‌లైన్ రిపోర్టయినా రాసి నంబర్ తీసుకోండి. టెక్సస్ చట్టం ప్రకారం ఆపి ఉన్న బండిని గుద్ది వివరాలివ్వకుండా పోవడం నేరం. నష్టం 200 డాలర్ల లోపైతే క్లాస్ సీ అనే చిన్న నేరం, అది దాటితే అంతకన్నా పెద్దదైన క్లాస్ బీ. బంపర్ రంగుకే 200 దాటిపోతుంది కాబట్టి రిపోర్టులో అంచనా రాయించడం మరవొద్దు. కాలిఫోర్నియాలో నష్టం 1000 డాలర్లు దాటితే 10 రోజుల్లో డీఎంవీకి (అక్కడి వాహనాల శాఖకి) ఎస్‌ఆర్-1 అనే ప్రమాద నివేదిక ఫారం పంపాలి.

ప్లేటు దొరికిందా లేదా అన్నదాన్ని బట్టే డబ్బు ఎవరు కడతారో తేలుతుంది. సెంట్రీ విలువ అసలు తెలిసేది ఇక్కడే. దొరికితే అవతలివాడి ఇన్సూరెన్స్ కట్టాలి. టెక్సస్‌లో ఆస్తి నష్టానికి కనీస కవరేజీ 25,000 డాలర్లు. కాలిఫోర్నియాలో అది 5,000 ఉండేది, 2025 జనవరి 1 నుంచి 15,000 అయింది. మరమ్మతు జరిగినన్నాళ్ళూ అద్దె కారు ఖర్చు కూడా వాళ్ళనే అడగండి. అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు.

దొరకకపోతే టెక్సస్ వాళ్ళు కాస్త అదృష్టవంతులు. పాలసీలో అన్‌ఇన్సూర్డ్ మోటారిస్ట్ (ఇన్సూరెన్స్ లేనివాడు గుద్దితే మన ఇన్సూరెన్సే కట్టే) ఆస్తి నష్టం కవరేజీ ఉంటే పారిపోయినవాడి కేసు కూడా అందులోకి వస్తుంది, డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి కట్టేది) 250 డాలర్లే. వద్దని సంతకం పెట్టకపోతే ఆ కవరేజీ మీకున్నట్టే. నెలకి కొన్ని డాలర్లు మిగులుతాయని ఆ సంతకం పెట్టినవాళ్ళు కొలిజన్ (గుద్దుకున్నప్పుడు సొంత కారు మరమ్మతుకి ఇచ్చే కవరేజీ) కింద డిడక్టబుల్‌గా 500, 1000 కట్టుకోవాలి. కాలిఫోర్నియాలో ఇదే కవరేజీకి పరిమితి 3,500 డాలర్లు, పైగా అవతలి బండి ఎవరిదో తేలాలి. అక్కడ ప్లేటు కనపడని క్లిప్పు బొమ్మగా చూసుకోడానికే.

మరమ్మతులో ఎలక్ట్రిక్ కారుకే ఉన్న చిక్కులు కొన్ని. టెస్లా ఛార్జింగ్ పోర్టు ఎడమ వెనక లైటు దగ్గర ఉంటుంది. రివర్స్ వచ్చిన బండికి దొరికే మూలల్లో అదొకటి. మూత వంగినా, తడి చేరినా ఛార్జింగ్ పెట్టి చూడొద్దు, ముందు షాపువాళ్ళని చూడమనండి. తలుపుల కింది అంచుకి దెబ్బ తగిలితే కారుని లిఫ్ట్ మీద పెట్టించి బ్యాటరీ అంచు ఫొటో తీయించండి. పైకి గీతే కనిపించినా లోపల బ్యాటరీ పెట్టె నొక్కుకుని ఉండొచ్చు. అంచనా కాగితంలో కెమెరా క్యాలిబ్రేషన్ (కెమెరాలని మళ్ళీ సరిచూసి అమర్చడం), పక్క ప్యానెల్‌కి రంగు కలపడం అనే రెండు వరుసలు లేకపోతే అడగండి. పెర్ల్ వైట్, ఎరుపు మల్టీకోట్ రంగులు ఒక్క బంపర్‌కే వేస్తే పక్క ప్యానెల్‌తో తేడా ఎండలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్ళు చెప్పిన షాపుకే వెళ్ళాలన్న నియమం లేదు. టెస్లా అనుమతి ఉన్న కొలిజన్ సెంటర్లలో వరుస పొడవు, కారు నడుస్తుంటే పార్టులు వచ్చాకే ఇవ్వండి.

వేరే ఎలక్ట్రిక్ కార్లవాళ్ళకి: రివియన్‌లో గేర్ గార్డ్ ఇలాంటిదే. బయట కొన్న డాష్‌క్యామ్ పెట్టుకునేవాళ్ళు పార్కింగ్ మోడ్ ఉన్నది, వైరింగ్‌లో ఓల్టేజీ తగ్గగానే ఆపేసేది తీసుకోవాలి. లేకపోతే చిన్న 12 వోల్టుల బ్యాటరీ పడిపోయి, పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు తలుపు తెరుచుకోదు.

ఇండియా ప్రయాణానికి నెల రోజులు కారు వదిలేసి పోయేవాళ్ళు పై లెక్క మళ్ళీ చూసుకోవాలి. 80 శాతంతో లాట్‌లో వదిలితే వారం రోజులకే 20కి దిగి సెంట్రీ ఆగిపోతుంది. మిగతా మూడు వారాలూ కారు దిక్కులేనిదే. ప్లగ్ ఉన్న చోట పెట్టి ఛార్జ్ పరిమితి 50 దగ్గర ఉంచితే కరెంటు గోడ నుంచి వస్తుంది. ప్లగ్ లేకపోతే నమ్మకమైన స్నేహితుడి గ్యారేజీలో పెట్టి, సెంట్రీ ఆపి, వెళ్ళేముందు నాలుగు వైపులా వీడియో తీసుకుని పోండి.