బటర్ కిట్: సరుకు బాగుంది, కాగితమే మన ఎండలకి పనికిరాదు

ఒంటికీ జుట్టుకీ రాసుకునే బటర్ ఇంట్లో గిలక్కొట్టుకునే కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో షియా బటర్ (ఆఫ్రికాలో షియా చెట్టు గింజల నుంచి తీసే కొవ్వు) అడిగితే రెడీమేడ్ లోషన్లే చూపిస్తున్నారు మరి. బ్రాండ్ పేరు రాయను. షియా ముద్ద, కోకమ్ బటర్ (కోకమ్ పండు గింజల నుంచి తీసే గట్టి కొవ్వు) చిన్న ప్యాకెట్, కొబ్బరి నూనె, విటమిన్ ఇ సీసా, ఎలా చేసుకోవాలో రాసిన ఒక కాగితం.

సరుకుకి వంక పెట్టలేం. షియా శుద్ధి చేయనిది, లేత పసుపు రంగు, కాస్త పొగ వాసన. ఘనా, బుర్కినా ఫాసో వైపు ఆడవాళ్లు గింజలు వేయించి తీసే బటర్ అలాగే ఉంటుంది, పాడైందని కంగారు పడకండి.

గొడవంతా కాగితంతోనే. మూడు వంతుల షియాకి ఒక వంతు కొబ్బరి నూనె అట. జనవరిలో సరే. కొబ్బరి నూనె 24 డిగ్రీలు దాటితే నీళ్లే, షియా ఒంటి వేడికే కరిగిపోతుంది, ఇక మే నెలలో మన వంటింట్లో ఏం నిలుస్తుంది? కరెంటు పోయిన మధ్యాహ్నం చూస్తే డబ్బా అడుగున నూనె. కోకమ్‌ని "కావాలంటే వేసుకోండి" అని చివర్లో పడేశారు గానీ ఇక్కడ పనిచేసేది అదే, 40 డిగ్రీల దగ్గరికొస్తే గానీ కరగదు. ఇప్పుడు 100 గ్రాముల షియాకి 30 కోకమ్, 20 నూనె వేస్తున్నాను, బాగా నిలుస్తోంది.

"చల్లారాక గిలక్కొట్టండి" అన్నది కూడా సగం మాటే. వేడినీళ్ల గిన్నె మీద కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టాలి, బయట మెల్లగా చల్లారితే గట్టి కొవ్వు ముందే పేరుకుని చేతికి రవ్వలా తగులుతుంది. అంచులు తెల్లబడి, మధ్యలో వేలు పెడితే గుంట పడుతున్నప్పుడు కేక్ బీటర్ తిప్పితే తెల్లగా పొంగుతుంది, బీటర్ పైకెత్తితే కొన నిలబడాలి.

మడమల పగుళ్లకి మాత్రం సూపర్, రాత్రి రాసి సాక్సులు వేసుకోండి. జుట్టుకి సెనగ గింజంత, అదీ తడి చివర్లకే, మాడుకి పట్టిస్తే జిడ్డు వదలదు. మొటిమలున్న ముఖానికి వద్దు. తడి చెయ్యి డబ్బాలో పెట్టకండి, విటమిన్ ఇ కనరు వాసన రాకుండా చూస్తుందేమో గానీ బూజుని ఆపదు.

5కి 3 ఇస్తాను. ఈసారి షియా, కోకమ్ విడిగా కొంటాను, కొబ్బరి నూనెకి కిట్ దేనికి, గానుగ నూనె మన ఊళ్లోనే దొరుకుతుంటే.