అద్దె పోర్షన్‌కి ఏది మేలు: సిలిండరా, పైపు గ్యాసా, కరెంటు పొయ్యా?

హైదరాబాద్‌లో మాది జీ ప్లస్ టూ ఇల్లు. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు, డాబా మీద ఒక సింగిల్ రూమ్. పోయిన వానాకాలం మొదటి అంతస్తువాళ్లు ఊరెళ్లిన రెండో రోజు మెట్ల దగ్గర గ్యాస్ వాసన కొట్టింది. ఫోన్ చేస్తే "రెగ్యులేటర్ ఆపానో లేదో గుర్తులేదంకుల్" అన్నాడా అబ్బాయి. కింద బోర్డులో ఆ పోర్షన్ మెయిన్ ఆపి, డూప్లికేట్ తాళంతో తలుపు తీసి, కిటికీలన్నీ బార్లా తెరిచా. ట్యూబు స్టవ్ దగ్గర చీలిపోయి ఉంది. దాని మీద అచ్చేసిన సంవత్సరం 2016.

తప్పు అతనిదే అనుకున్నా. తర్వాత ఆలోచిస్తే, ఇల్లు ఇచ్చేటప్పుడు అడ్వాన్సు లెక్కపెట్టుకున్నా కానీ ట్యూబు వంక చూడలేదు. బ్రిటన్‌లో మా మేనల్లుడు ఫ్లాట్ అద్దెకిచ్చాడు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో (గ్యాస్ పని చేయడానికి అనుమతి ఉన్నవాళ్ల జాబితా) ఉన్న ఇంజనీర్‌తో ఏటా తనిఖీ చేయించి ఆ కాగితం అద్దెవాళ్లకి ఇవ్వడం అక్కడ ఓనర్ బాధ్యత. మన దగ్గర మా ఇంటిలాంటి వాటికి అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ కూడా అక్కర్లేదు, నివాస భవనం 18 మీటర్ల ఎత్తుకు చేరితేనే ఆ తతంగం. అడిగేవాడు లేడు కాబట్టి చూసుకోవాల్సింది మనమే.

ముందు సిలిండర్ సంగతి. కనెక్షన్ అద్దెవాళ్లది, బిల్లు గొడవ మనకు లేదు. ఓనర్లకి అదే సుఖం. చిక్కు ఏమిటంటే ప్రతి కొత్త కుటుంబంతో పాటు కొత్త రెగ్యులేటరు, పాత ట్యూబు ఇంట్లోకి వస్తాయి. ఈ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే గాలి పోయే దారి కింద కూడా ఉండాలి. మన వంటిళ్లలో వెంటిలేటర్ ఉండేదే పైన, దానికీ దోమలకి భయపడి అట్టముక్క అడ్డం పెడతారు. ఇంకొందరు సిలిండర్‌ని బాల్కనీలో పెట్టి గోడకి కన్నం కొట్టి రబ్బరు ట్యూబు లాగుతారు. గోడలో ఉన్న ట్యూబు చీలినా ఎవరికీ కనపడదు. బయట పెట్టాలంటే ఫిట్టర్‌తో రాగి పైపు వేయించాల్సిందే.

ఓనర్లు పట్టించుకోని సంగతి ఇంకోటుంది. సిలిండర్ ప్రమాదాలకి ఆయిల్ కంపెనీలు తీసుకునే బీమాలో ఆస్తి నష్టం కూడా ఉంటుంది. కానీ అది కనెక్షన్ నమోదైన చిరునామాలో జరిగిన నష్టానికే. మా మొదటి అంతస్తు అబ్బాయి కనెక్షన్ ఇంకా పాత అద్దింటి అడ్రస్ మీదే ఉంది. అంటే గోడ కూలితే నాది, బీమా చిరునామా ఇంకెవరిదో. ఇప్పుడు అడ్రస్ మార్పించుకున్నాకే అగ్రిమెంట్ మీద సంతకం పెడుతున్నా.

పైపు గ్యాస్ మాటెత్తగానే మా ఆవిడ కోనసీమలోని నగరం అనే ఊళ్లో 2014లో పేలిన పైపులైను గుర్తుచేసింది. అది ఎక్కువ ఒత్తిడితో నడిచే పెద్ద లైను. ఇంట్లోకొచ్చే గ్యాస్ ఒత్తిడి 21 మిల్లీబార్లే, సిలిండర్ రెగ్యులేటర్ నుంచి వచ్చేదానికంటే తక్కువ. పైగా ఇది గాలికంటే తేలిక, పైకి లేచి వెంటిలేటర్లోంచి పోతుంది, అట్టముక్క తీసేస్తే. ఓనర్‌గా నాకు నచ్చింది వేరే సంగతి: మీటరు, వాల్వు ఇంటితోనే ఉండిపోతాయి. పోర్షన్ ఖాళీ అయితే వాల్వు తిప్పేసి నిద్రపోవచ్చు. అయినా స్టవ్ దగ్గర ట్యూబు దీనికీ ఉంటుంది, దానికీ కాలం తీరుతుంది. వచ్చినవాళ్ల స్టవ్ సిలిండర్‌దైతే జెట్లు (బర్నర్‌లోకి గ్యాస్ వదిలే చిన్న కన్నాల ముక్కలు) మార్పించాలి. బిల్లు ఎగ్గొట్టి పోయే రకం తగిలితే అడ్వాన్సులో పట్టుకోవడమే. అన్నిటికంటే పెద్ద తలనొప్పి, భాగ్యనగర్ గ్యాస్ లైను అన్ని వీధులకీ రాలేదు.

డాబా మీద గదికి మాత్రం రెండూ వద్దనుకున్నా. బ్యాచిలర్స్ చిన్న సిలిండర్ తెచ్చి ఎక్కడో సందులో దొంగతనంగా నింపించుకుంటారు, దాని నాణ్యత దేవుడికెరుక. అక్కడ ఇండక్షనే. అయితే 2000 వాట్ల పొయ్యిని పాత ప్లగ్గులో పెట్టనిస్తే గ్యాస్ భయం పోయి షార్ట్ సర్క్యూట్ భయం వస్తుంది. బోర్డు నుంచి విడిగా వైరు లాగించి, 16 ఆంపియర్ల సాకెట్, లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే ఎంసీబీ స్విచ్చు పెట్టించా. ఆ ఖర్చు ఓనర్‌దే, బేరం లేదు.

గ్యాస్ గీజర్ అడిగితే మాత్రం సిలిండరైనా పైపైనా బాత్రూంలో వద్దంటా. తలుపేసుకున్న చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండితే వాసన కూడా తెలీదు.

లైను వచ్చిన వీధిలో కుటుంబాలకిచ్చే పోర్షన్లకి పైపు గ్యాసే మేలని నా లెక్క. మా వీధికి ఇంకా రాలేదు. అందాకా సిలిండరే. ఐదేళ్లు దాటిన ట్యూబుతో వస్తే మాత్రం ఐఎస్ఐ మార్కున్న కొత్తది నేనే కొనిస్తా, ఒక బిర్యానీ ఖరీదు. మొదటి అంతస్తు అబ్బాయికి కొనిస్తే "అద్దెలో కలుపుతారా అంకుల్?" అన్నాడు. వాళ్ల వంటింటి తలుపు మీద గ్యాస్ లీకైతే ఫోన్ చేయాల్సిన 1906 నంబరు రాసిన స్టిక్కర్ కూడా అంటించా.